కొసరు కెంపు

మా బావ తాతారావు జీవితంలో చేసిన తెలివైన పనులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో మొదటిది మా అక్కను చేసుకోవడం. రెండోది, కూతురు బిందుశ్రీకి మాటలు సరిగ్గా రాకముందే కొట్లో కొసరు వేసే ఉద్యోగం ఇవ్వడం.

రాయగడ బజారులో ఆయనది పప్పులు, చింతపండు, పసుపు అమ్మే కొట్టు. ముత్తాతల నాడు పార్వతీపురం వైపు నుంచి ఎడ్లబండి మీద వచ్చిన కుటుంబం ఇక్కడే పాతుకుపోయింది. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర ఒడియా, కొండల మీంచి దిగివచ్చే వాళ్లతో దేశియా. మా అక్క విజయదుర్గ ఆ ఇంటి కోడలైన కొన్నాళ్లకు నాకూ ఇదే ఊళ్లో హైస్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. "ఈ సత్యవేణి నోట్లో ఉన్నది నాలిక కాదు, కత్తిపీట" అని బావ వచ్చేపోయేవాళ్లందరికీ నన్ను పరిచయం చేస్తుంటాడు. చెయ్యనీ. బావామరదళ్ల మధ్య ఆ మాత్రం లేకపోతే ఉప్పు లేని పప్పే.

కొసరు అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు విడమరిచి చెప్పాల్సిందే. త్రాసు ముల్లు నిలబడి, తూకం అయిపోయి, సరుకు కొన్నవాళ్ల సంచిలో పడ్డాక, పైన ఇంకో గుప్పెడు వెయ్యాలి. అది తూకంలోకి రాదు, బేరంలోకి రాదు. ఇచ్చే చెయ్యి మంచిదని చెప్పడానికి, అంతే. బావ ఆ పని బిందుకి అప్పగించాడు. పప్పు బస్తాల మధ్య ఎత్తు పీట మీద కూర్చుని, నాన్న తూచడం అవగానే చిట్టి గుప్పెడు తీసి సంచిలో వేసేది. "సిన్నపిల్ల సెయ్యి లచ్చిందేవి సెయ్యి" అని బావ పైకి చెప్పేవాడు. అసలు సంగతి నాకు తెలుసు. ఆయన గుప్పెట్లో పట్టే పప్పులో సగం కూడా ఆ పిల్ల గుప్పెట్లో పట్టదు!

ఒకనాడు సంత రోజున కొండమీంచి ఒక ముసలామె కందిపప్పు కొనడానికి వచ్చింది. నేను చింతపండు బస్తా మీద కూర్చుని అక్కతో కబుర్లాడుతున్నాను. ముసలామె నవ్వింది, బిందు నవ్వింది, ఆ ఊపులో పిల్ల రెండు చేతులా దోసెడు తీసి సంచిలో పోసేసింది. మరుక్షణం తండ్రి మొహం చూసి తప్పు చేశానని తెలుసుకుని, సంచిలోకి చెయ్యి పెట్టబోయింది. బావ ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఏసీసినాక ఎనక్కి తీకూడదమ్మీ. సెయ్యి సెడ్డదైపోద్ది" అన్నాడు. ముసలామె వెళ్లేదాకా నవ్వు మొహం పెట్టుకునే ఉన్నాడు గానీ, గొంతులో గుటక దిగడం నేను చూశాను. ఆ గుటకకి నాకు బావంటే మొదటిసారి గౌరవం కలిగింది. ఆయనకి మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు. చెబితే నెత్తికెక్కి కూర్చుంటాడు.

తర్వాత ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. ఎర్రటి అంకెలు కళ్ల ముందు మెరుస్తుంటే కొన్నవాళ్లు అంకెలే చూస్తారు, ఇచ్చేవాడి చెయ్యి ఎవరు చూస్తారు? కొసరు మెల్లగా మాయమైపోయింది. అప్పటికి బిందు పీట మీంచి దిగి పుస్తకాల్లో పడింది. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, సునాబెడ అవతల కొండవాలులో ఉన్న ఒక పరిశోధనశాలలో పీహెచ్‌డీకి చేరింది. "అక్కడేటి సేస్తాదే?" అని బావ అడిగితే, "రాళ్లు నొక్కుతాది" అన్నాను. అంతకంటే పొట్టిగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆ రాళ్లు నొక్కడం ఎలాగో చూద్దామని ఒకసారి ముగ్గురం వెళ్లాం. రాయగడలో రైలెక్కి, సొరంగాలన్నీ దాటి కోరాపుట్‌లో దిగి, సునాబెడ బస్సు పట్టుకునేసరికి అక్కకి కడుపులో తిప్పింది. ఆ ఊరి పొగమంచులో ఎదుటి మనిషి కనబడడు. బిందు మమ్మల్ని ఓ చిన్న గదిలోకి తీసుకెళ్లి, అరచేతిలో ఇమిడే ఇనుప బిళ్ల ఒకటి చూపించింది.

"ఇందులో రెండు వజ్రాలున్నాయి పిన్నీ" అంది.

అక్క చప్పున ముందుకు వంగింది. నా ముక్కుపుడక రాయి కంటే కాస్త పెద్దవి, అంతే. వాటి మొనలు చదునుగా అరగదీసి, ఎదురెదురుగా పెట్టారు. మధ్యలో పలుచని ఉక్కు రేకు. ఆ రేకులో కంటికి ఆనీ ఆనని రంధ్రం. ఆ రంధ్రంలో ఖనిజం నలుసు ఒకటి, కెంపు నలుసు ఒకటి పెట్టి, చుట్టూ ఓ బొట్టు నూనె వేసి మరలు బిగిస్తారు. పెద్ద బలం అక్కర్లేదు, చేత్తో తిప్పితే చాలు. బలమంతా ఆ సూదిమొనంత చోట పడుతుంది కాబట్టి, భూమి లోపల వందల కిలోమీటర్ల లోతున ఉండే ఒత్తిడి ఆ రంధ్రంలో పుడుతుంది. బాక్సైటు మట్టిలో దొరికే ఓ ఖనిజం అంత ఒత్తిడిలో ఏమవుతుందన్నదే మా పిల్ల చదువు.

"మరి లోపల ఎంత నొక్కుతున్నాదో ఎలగ తెలస్తాదే?" అన్నాడు బావ. తూకం గురించి కాకపోతే ఆయన అడగడు.

"అందుకే కెంపు నాన్నా. ఆ కన్నంలోకి ఏ మీటరూ దూరదు. పచ్చ లేజర్ కొడితే కెంపు ఎర్రగా ఎలుగుతాది. నొక్కినకొద్దీ ఆ ఎరుపు రవ్వంత జరుగుతాది. కంటికి తెలీదు, మిషనికి తెలస్తాది. ఎంత జరిగిందో సూసి, ఒత్తిడి ఇంత అని సెప్తాం."

"అయితే కెంపే మీ కాటా అన్నమాట. దానికి ముద్ర ఎవులేసేరు?"

ఏటేటా కొలతల శాఖవాళ్లు వచ్చి కాటా సరిచూసి ముద్ర వేసి వెళ్లడం బావకి అలవాటు. బిందు నవ్వింది. "ఏసేరు నాన్నా. ఎంత నొక్కితే ఎంత కుదించుకుపోతాయో బాగా తెలిసిన లోహాలు పక్కనెట్టి, ఆటితో కెంపుని సరిసూసేరు. ఎన్నో దేశాల్లో సూసేరు. ఆ లెక్కే అందరం వాడతాం."

"అయితే పర్లేదు" అన్నాడు బావ, పరిశోధనశాలకి తనే అనుమతి ఇచ్చినట్టు. తిరుగు రైల్లో మాత్రం కిటికీలోంచి చూస్తూ, నాకు వినబడనంత మెల్లగా, "నా పిల్ల కెంపులతో తూస్తన్నాది" అన్నాడు. నాకు వినబడింది.

బిందు చదువు నాలుగో ఏట అసలు సందడి మొదలైంది. ఒక ఒత్తిడి దాటాక వాళ్ల ఖనిజం తీరు మారిపోయింది. దాని మీద లేజర్ వేస్తే తిరిగివచ్చే వెలుగులో అంతవరకూ లేని గీతలు కనబడ్డాయి. అంటే ఆ ఖనిజం లోపలి అమరికే మారి, ఎవరూ చూడని కొత్త రూపంలోకి వెళ్లిందని లెక్క. గైడు సస్మిత మేడం, బరంపురం ఆవిడ, హడావిడి మనిషే గానీ మంచిది. ఆవిడ ఉప్పొంగిపోయింది. భువనేశ్వర్‌లో జరిగిన సదస్సులో బిందుకి ఈ పని మీద బహుమతి ఇచ్చారు.

ఇంకేముంది, మా బావ ఆగుతాడా? కొట్టు మీద ఫ్లెక్సు కట్టించాడు. పైన తెలుగు, కింద ఒడియా. "కొత్త రాయి కనుగొన్న కుమారి బిందుశ్రీకి అభినందనలు." దాంట్లో బిందు ఫోటో కంటే బావ ఫోటోయే పెద్దది! "రాయి కనిపెట్టింది నువ్వా, అదా?" అని అడిగితే, "దాన్ని కనిపెట్టింది నాను కాదేటి?" అన్నాడు. తెరుబలి ఫ్యాక్టరీ క్యాంటీన్‌కి పప్పు పట్టుకెళ్లే వ్యాన్ డ్రైవరుతో సహా, కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ ఆ రాయి కథ చెప్పాడు. చెప్పినకొద్దీ ఆ రాయి పెరిగింది. ఆఖరికి అది కొండంతదని బజారులో అనుకున్నారు.

ఇందులో నవ్వులాటే కాదు, నిజంగా ఆశ కూడా ఉంది. రాయగడలో కొత్తగా పెట్టిన ఓ ప్రైవేటు కాలేజీవాళ్లు ఫిజిక్సు లెక్చరరు కావాలని వెతుకుతున్నారు. కాలేజీ తెరిచేలోగా పీహెచ్‌డీ పట్టా చేతిలో ఉంటే ఉద్యోగం బిందుకే ఇస్తామన్నారు. పిల్లకి ఫెలోషిప్పు అయిపోవస్తోంది. హాస్టలు పప్పునీళ్లు తాగి తాగి సగమైంది. ఇంటికొచ్చి, సొంత ఊరి పిల్లలకి చదువు చెప్పుకుంటూ ఉండాలని దానికి ఎంత కోరికో, ఫోన్లో నా చెవిన పోసేది. ఆ కొత్త రాయి మీద రాసిన వ్యాసం అచ్చుకి వెళ్లింది. అది అచ్చయితే పట్టా, పట్టా వస్తే ఉద్యోగం, ఉద్యోగం వస్తే ఇల్లు.

పత్రికవాళ్లు ఒక్క మాటే అడిగారు. మరొక్కసారి ప్రయోగం చేసి అదే ఫలితం చూపించండి, వేసుకుంటాం అని.

అన్నాళ్లూ కెంపు పెట్టే పని రాకేష్‌ది. సునాబెడ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు, బిందుకి సీనియరు. సూదిమొనతో కెంపు నలుసు ఎత్తి రంధ్రంలో దించడంలో అతని చెయ్యి వణకదు. ఖనిజాన్ని కాస్త అంచువైపు, కెంపుని సరిగ్గా నడిమధ్యన పెట్టడం అతని పద్ధతి, నడుమనుంటే లేజర్‌కి తేలిగ్గా దొరుకుతుందని. ఆ రాకేష్ ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్లిపోయాడు. దాంతో ఈసారి కెంపు కూడా బిందుయే పెట్టాల్సి వచ్చింది.

ఆ పొద్దున జరిగింది బిందు నాకు ఎన్నిసార్లు చెప్పిందో. మైక్రోస్కోప్ కింద ఖనిజం నలుసు పెట్టింది. ఊపిరి బిగబట్టి కెంపు నలుసు నడుమన దించింది. ఊపిరి వదిలితే నలుసు ఎగిరిపోతుంది, అందుకని. పనైపోయింది. ఇక నూనె బొట్టు వేసి మూత పెట్టడమే. అప్పుడు దాని చెయ్యి, దాన్ని అడక్కుండానే, గాజు పలక దగ్గరికి వెళ్లి ఇంకో కెంపు నలుసు ఎత్తుకొచ్చి, ఖనిజం పక్కన అంచున వేసేసింది.

"నాను ఎయ్యలేదు పిన్నీ. సెయ్యి ఏసీసింది" అని ప్రమాణం చేస్తుంది. నేను నమ్ముతాను. పీట మీద కూర్చున్న ఏళ్లు ఊరికే పోతాయా?

అంత చిన్న రంధ్రంలో అడ్డంగా రెండో నలుసు పెడితే, అది రెండు వజ్రాలకూ ఒకేసారి తగిలి వజ్రమే పగిలే ప్రమాదం ఉందట. తీద్దామంటే మొదటిదీ ఎగిరిపోయేలా ఉంది. బిందు తనని తనే తిట్టుకుని, నూనె వేసి, అలాగే బిగించేసింది.

మొదట్లో రెండు కెంపులూ ఒకే మాట చెప్పాయి. మరలు తిప్పినకొద్దీ మాటలు వేరుపడ్డాయి. నడిమి కెంపు ఎక్కువ ఒత్తిడి అంటే, అంచు కెంపు తక్కువ అంటుంది. ఖనిజం మారే చోటికి వచ్చేసరికి రెండింటికీ పొంతనే లేదు. రెండోది పనికిమాలిన కెంపు అనుకుని దాని మీద కోప్పడింది పిల్ల. అయితే సరిచూడడానికి ఒక దారి ఉంది. ఒత్తిడి పూర్తిగా తీసేసి మళ్లీ అడిగింది. రెండూ మళ్లీ ఒకే మాట చెప్పాయి. కాటాలు రెండూ మంచివే.

అప్పుడు కెంపుల గీతలు మళ్లీ తీసి చూసిందట. కెంపు వెలుగులో నిజానికి పక్కపక్కనే రెండు సన్నని గీతలుంటాయి. లోపల ఒత్తిడి అన్నివైపులా సమంగా ఉంటే అవి విడివిడిగా కనబడతాయి. బాగా బిగించాక అవి చెరిగిన కాటుకలా ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. వెనకటి ప్రయోగాల్లోనూ అలా చెరిగేవి. మిషను పాతది, అద్దం మసక అని అందరూ సరిపెట్టుకున్నారు.

సంగతేమిటంటే, నీళ్లలో మునిగినవాణ్ని నీళ్లు అన్నివైపుల నుంచీ ఒకేలా నొక్కుతాయి. నూనె కూడా మొదట అలాగే నొక్కుతుంది. కానీ అంత ఒత్తిడిలో నూనె నూనెగా ఉండదు, గడ్డకట్టిన మైనంలా అయిపోతుంది. ఇక వజ్రాల వైపు నుంచి ఒకలా, పక్కల నుంచి ఇంకోలా నొక్కుతుంది. నడుమన ఒక లెక్క, అంచున ఒక లెక్క. అలా వంకరగా నొక్కితే ఏ ఖనిజమైనా వంకర్లు పోతుంది, వెలుగులో కొత్త గీతలూ వస్తాయి. దాన్నే వీళ్లు కొత్త రూపం అనుకున్నారేమో! నూనె బదులు స్పిరిట్లు రెండు కలిపి వాడితే ఆ ఒత్తిడిలోనూ అది ద్రవంగానే ఉంటుంది. కానీ ఆ శుద్ధమైన స్పిరిట్ కొనాలంటే ఆబ్కారీ అనుమతి కావాలి. ఆ కాగితం ఎన్నాళ్లుగానో కదలట్లేదు. అందుకని చేతికందిన నూనెతో కానిచ్చేశారు.

బిందు ఎవరికీ చెప్పకుండా రైలెక్కి ఇంటికొచ్చేసింది.

మధ్యాహ్నం వేళ, కొట్లో జనం లేరు. నేను స్కూలు నుంచి వస్తూ పసుపు కోసం ఆగాను. బిందు వచ్చి, బ్యాగు దించకుండానే, పాత పీట మీద కూర్చుంది. ఆ పీట ఇప్పుడు దానికి మోకాళ్లెత్తు కూడా లేదు. బయట గాలికి ఫ్లెక్సు టపటప కొట్టుకుంటోంది. ఉన్నదంతా చెప్పేసింది.

"రెండు కాటాలు రెండు రకాలుగా సెప్తే ఒకటి సెడిపోయినట్టు గదేటి?" అన్నాడు బావ.

"నానూ అలగే అనుకున్నాను. ఒత్తిడి తీసీసి సూసేను నాన్నా. రెండూ ఒకే మాట. కాటాలు మంచివే. అక్కడ ఒత్తిడే ఒకేలాగ లేదు."

"అయితే?"

"అయితే ఏటి? కొత్త రాయి లేదు. పాత రాయినే మేం వంకరగా నొక్కేం. అంతే అయ్యుంటాది."

బావ కాటా మీద లేని దుమ్ము తుడిచాడు. "మేడానికి సెప్పేవా?"

"లేదు."

"రాకేషుకి?"

"లేదు."

"మరింకేటి? ఆ రెండో కెంపు ఉన్నట్టు ఎవులికి తెల్సు? అది తీసీసి, ఎప్పుడూ ఎట్టినట్టే ఒక్కటెట్టి మళ్లీ సెయ్యి. ఎప్పుడూ వచ్చినట్టే వస్తాది. ఆలడిగింది అదే గదా? అబద్ధం ఆడినట్టు కూడా కాదు. ముందు పట్టా తెచ్చుకో అమ్మీ. తరవాత ఎన్ని కెంపులేసుకుంటావో ఏసుకో."

నా నోట్లో కత్తిపీట ఆ పూట లేవలేదు. నిజం చెబుతున్నాను, నాకూ ఆ పిల్ల ఇంటికి రావాలనే ఉంది. లోపల గదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్క వింటోందని తెలిసింది.

బిందు తలెత్తి తండ్రి మొహంలోకి చూసింది. కోపంగా కాదు, చిన్నప్పుడు దోసెడు పప్పు పోసేసి చూసిన చూపే.

"అసలు అది ఎందుకేసేనో తెల్సా నాన్నా? కొసరు. రాకేష్ ఒక్కటే ఏసేవోడు. నా సెయ్యి ఊరుకోలేదు." పీట అంచు తడుముతూ, "ఏసీసినాక ఎనక్కి తీకూడదని నువ్వే అన్నావు" అంది.

బావ మొహం ఎలా అయిందో నేను రాయలేను. కొట్లో కొసరు ఆగిపోయి ఎన్నేళ్లయిందో ఆయనకి ఆ క్షణంలో గుర్తొచ్చి ఉంటుంది. ఎర్ర అంకెల కాటా వైపు చూశాడు. పిల్ల చేతి వైపు చూశాడు. ఆ చెయ్యి ఒకసారి పట్టుకుని, వదిలేసి, లోపలికెళ్లి నిచ్చెన తెచ్చుకున్నాడు. తనే ఎక్కి ఫ్లెక్సు తాళ్లు విప్పాడు.

"ఎవులైనా అడిగితే ఏటి సెప్తావు బావా?" అన్నాను కింద నిచ్చెన పట్టుకుని.

"గాలికి సిరిగిపోనాదని సెప్తాను" అన్నాడు. ఆ ఒక్క అబద్ధం ఆయనకి ఒగ్గేశాను. ఆ ఫ్లెక్సు ఇప్పుడు గోదాములో చింతపండు బస్తాల మీద కప్పి ఉంది, బావ బొమ్మ లోపలివైపు.

మర్నాడు బిందు సునాబెడ వెళ్లి సస్మిత మేడానికి రెండు కెంపుల కథా చెప్పింది. ఆవిడ ఏమీ తిట్టలేదట. అదే ఎక్కువ బాధగా ఉందంది పిల్ల. ఇద్దరూ కూర్చుని మళ్లీ చేశారు, ఈసారి కావాలనే రెండు కెంపులు పెట్టి. అదే తేడా. "ఆ చెరిగిన గీతలు నేనూ చూశాను బిందూ. అడగాల్సింది నేను" అని, ఆ సాయంత్రమే వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకి రాసేసింది. బిందు ఫోన్లో చెబితే రాకేష్ "నడుమనెట్టే పద్ధతి నాది. ఎవరికి చెప్పినా నా పేరు కూడా కలిపి చెప్పు" అన్నాడు. మంచి కుర్రాడు.

సస్మిత మేడం ఆబ్కారీ కాగితం కోసం తనే తిరిగింది. స్పిరిట్ వచ్చాక చేసి చూస్తే, ఆ ఒత్తిడి దాటినా ఖనిజం ఖనిజంలాగే ఉంది. కెంపులన్నీ ఒకే మాట. కొత్త రాయి లేదు, అంతే సంగతి. రాయగడ కాలేజీ తెరిచారు. ఉద్యోగం జయపురం నుంచి వచ్చినాయనకి ఇచ్చారు. ఆ వార్త విన్నరోజున బిందు మా ఇంట్లో బఠాణీలు ఒలుస్తూ ఒలుస్తూ ఏడ్చింది. నేను ఓదార్చలేదు. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. మంచిపని చేస్తే మనసు తేలికవుతుందని చెప్పేవాళ్లు ఎవరో గానీ, వాళ్లని ఓసారి మా వంటింటికి రమ్మనండి.

పోయిన రాయి పోయింది, చేతిలో ఉన్నదేమిటి అని మేడమే అడిగిందట. చేతిలో ఉన్నది తేడా. నూనెలో నొక్కితే నడుమన ఎంత, అంచున ఎంత, ఎక్కడిదాకా ఆ ఒక్క కెంపు మాట నమ్మొచ్చు, ఎక్కడి నుంచి నమ్మకూడదు? దాన్నే కొలవడం మొదలెట్టింది బిందు. ఫెలోషిప్పు లేదు కాబట్టి, సాయంత్రాలు ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో పదో తరగతి పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంది. ఒకటికి మూడు కెంపులు పెట్టింది. ఓసారి నిజంగానే వజ్రం చిట్లింది, వారం రోజులు అన్నం తినలేదు. కొత్త రాయి కంటే ఇది చిన్న సంగతే. కొట్టు మీద ఫ్లెక్సు కట్టే సంగతి అసలే కాదు. కానీ థీసిస్ నిలబడింది.

మొన్న వానలు వెలిశాక దాని వైవా జరిగింది. ముగ్గురం వెళ్లాం. అక్క ఈసారి నిమ్మకాయ చేత్తో పట్టుకుని రైలెక్కింది. పెద్దవాళ్ల ప్రశ్నలు, చప్పట్లు అయ్యాక, బిందు మమ్మల్ని మళ్లీ ఆ చిన్న గదిలోకి తీసుకెళ్లింది. ఇప్పుడక్కడ మనీష అని కొత్త పిల్ల ఉంది. లక్ష్మీపూర్ వైపు ఒడియా అమ్మాయి, తెలుగు ముక్క రాదు. మైక్రోస్కోప్ మీద వంగి, ఊపిరి బిగబట్టి సూదితో ఏదో దించుతోంది. దించడం అయ్యాక తలెత్తకుండానే, "దీదీ, కొసరు దేలి!" అంది. కొసరు వేశానని.

బావ నిలువునా ఆగిపోయాడు. ఒడియా ఆయనకి నాకంటే బాగా వచ్చు. అయినా, "ఏటన్నాది ఆ పిల్ల?" అని అడిగాడు.

"రెండో కెంపుని ఇక్కడ అందరూ అలగే అంటారు నాన్నా" అంది బిందు. "అది ఎయ్యకుండా ఇప్పుడు ఎవులమూ మూతెట్టం. మేడం కూడా అలగే అంటాది."

బావ కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. మనీష లేచి ఆయనకి స్టూలిచ్చింది. బావ మైక్రోస్కోప్‌కి కన్ను ఆనించి, ఆ సూదిబెజ్జమంత రంధ్రంలోకి చాలాసేపు చూశాడు. ఆయన భుజాలు కదులుతుంటే అక్క వెళ్లి వీపు మీద చెయ్యి వేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో మా బావ ఏడవగా నేను చూడడం అదే.

చివరికి కన్ను తియ్యకుండానే అన్నాడు.

"రెండోది కాస్త పెద్దదే ఏసీసినాది ఈ పిల్ల. పర్లేదు, ఒగ్గీండి. ఎనక్కి తీకండి."